ఒలికిన చోట బావి

మా మేడమీదావిడ ఇస్త్రీ ఆవిడతో అన్నదట, ఇస్త్రీ ఆవిడ తెచ్చి మా ఆవిడ చెవిన వేసింది: "కింద వాటాలో ఆయనకి ఉద్యోగం దొరికిందటగా! బళ్ళో గోళీలాడే ఉద్యోగమట. నలభై దాటిన మగాడు మెడలో విజిల్ వేసుకుని, సాయంత్రమయ్యేసరికి చిన్నపిల్లలతో తాడాట ఆడుతున్నాడట. ఆడితే ఆడాడు, ఓడిపోతే మూతి ముడుచుకుని కూర్చుంటాడట కూడానూ!"

మా ఆవిడ ఇదంతా నోట్లో పిన్నీసు పెట్టుకుని, మా అమ్మాయికి జడ వేస్తూ చెప్పింది.

"ఆ చివరి ముక్క ఆవిడ అన్నదా, నువ్వు కలిపావా?" అన్నాను.

"మూతి సంగతి నాకు తెలిసినంతగా ఆవిడకేం తెలుస్తుంది?" అంది పిన్నీసు తీసి జడలో గుచ్చుతూ.

నిజానికి మేడమీదావిడ చెప్పినదాంట్లో అబద్ధం గోళీలు ఒక్కటే. నా చార్టులో గోళీలు లేవు.

అంతకుముందు నేను బట్టల మిల్లులో షిఫ్టుల గుమాస్తాని. మూడు షిఫ్టులు, నాలుగు వందల మగ్గాలు. ఏ పూట ఏ మగ్గం మీద ఎవరుండాలో నాలుగు రంగుల పెన్సిళ్ళతో గళ్ళు నింపి గేటు దగ్గర అంటించడం నా పని. పద్దెనిమిదేళ్ళు అంటించాను. ఆ వేసవిలో మిల్లు మూతబడింది. తొలకరి పడ్డ వారంలో బడి హెడ్మాస్టారు గొడుగు మడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు.

"మూడున్నరకి గంట కొడతాను గుమాస్తా గారూ. పిల్లలు బయటికి పోతారు. అమ్మానాన్నలు పనుల్లోంచి వచ్చేది ఐదున్నరకి. మధ్యలో ఆ రెండు గంటలూ వాళ్ళు ఎవరి పిల్లలో ఎవరికీ తెలీదు. మొన్న రెండో తరగతి వాడు లారీ కింద దూరి బంతి తీసుకుంటున్నాడు. లారీ అప్పటికే కదులుతోంది." ఆయన ఆగి, మా ఆవిడ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగేశారు. "పిల్లల్ని ఆ రెండు గంటలూ బళ్ళోనే ఉంచి ఆడిస్తానని పై ఆఫీసుకి రాశాను. రెండు నెలలు చూద్దామన్నారు. ఆఖరి వారంలో ఆఫీసరమ్మ తనిఖీకి వస్తుంది. ఆవిడకి నచ్చితే ఆ రెండు గంటలూ ఉంటాయి. నచ్చకపోతే పిల్లలు మళ్ళీ లారీల కిందికే. ఆవిడ ముందు అడిగేది ప్లాను. నాకు పాఠాల ప్లాను వచ్చుగానీ ఆటల ప్లాను ఎక్కడ వచ్చు? మీరు వందల మందిని నడిపినవారు. అరవై నాలుగు మంది పిల్లలు మీకో లెక్కా?"

"లెక్కేం కాదు సార్" అన్నాను. ఆ మాట అన్న మొహాన్ని ఇప్పుడు అద్దంలో చూస్తే నవ్వొస్తుంది.

రెండు రోజుల్లో చార్టు తయారుచేశాను. నాలుగు జట్లు, నాలుగు రంగులు, జట్టుకి పద్నాలుగు మంది. మట్టి బొమ్మలు, తాడాట, బంతి, కాగితం కత్తిరింపులు, బొమ్మలు గీయడం, కథ. ఇరవై నిమిషాలకో విజిల్. విజిల్ కొట్టగానే మట్టి వాళ్ళు చేతులు కడుక్కుని తాడు దగ్గరికి, తాడు వాళ్ళు బంతి దగ్గరికి, బంతి వాళ్ళు కథ దగ్గరికి. సాయంత్రాలు వంతులవారీగా ఉండే ఇద్దరు టీచరమ్మలకి కూడా గళ్ళు కేటాయించాను. నీళ్ళు తాగడానికి మూడు నిమిషాలు. దొడ్డికి వెళ్ళాల్సినవాళ్ళు కూడా ఆ మూడు నిమిషాల్లోనే వెళ్ళాలి. ఒకటో తరగతి పిల్లల పొట్టలు నా చార్టు చూసి నడవవని మొదటిరోజే తెలిసింది, అది వేరే సంగతి.

జట్లు నిండాక ఎనిమిది మంది మిగిలారు. మిల్లు బుర్రకి మిగిలినవాళ్ళని ఏం చేయాలో బాగా తెలుసు. మా దగ్గర సొంత మగ్గం లేని పనివాళ్ళని బదిలీలు అనేవాళ్ళం. సైరన్ కూసేసరికి వచ్చి గేటు లోపల బల్ల మీద వరసగా కూర్చునేవాళ్ళు. ఎవరైనా మానితే వాళ్ళ మగ్గం మీదికి ఒకణ్ణి పంపేవాణ్ణి. ఎవరూ మానకపోతే కూర్చుని కూర్చుని ఇంటికి పోయేవాళ్ళు. ఇక్కడా అదే పద్ధతి పెట్టాను. బడి వెనక వసారాలో ఒక పొడుగాటి బల్ల వేయించి, చార్టు అడుగున ఎనిమిది మందినీ బదిలీలుగా రాశాను.

ఎవరెవరంటే, తాడు తగిలి ఆగిపోయే ఒక బొద్దబ్బాయి. చేతులు వెనక్కి కట్టుకుని నడిచే రెండో తరగతి వాడొకడు. వాణ్ణి అందరూ తాతయ్య అనేవాళ్ళు, వాళ్ళమ్మతో సహా. విజిల్ వినబడితే చాలు బావురుమనే ఒకటో తరగతి పిల్ల ఒకతి, పేరు పిట్ట. ఎవరి జట్టులో వేసినా రెండో నిమిషంలో కొట్లాట పెట్టుకునే నలుగురు. ఎనిమిదో మనిషి మా అమ్మాయి. నాలుగో తరగతి. దాని తప్పేమీ లేదు. గుమాస్తా కూతురు కాబట్టి మంచి జట్టులో పడిందని ఎవరూ అనకూడదని అక్కడ వేశాను. మిల్లులో మా తమ్ముడికీ ఇదే న్యాయం చేశాను. వాడు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు.

"నాది ఏ రంగు నాన్నా?" అని అడిగింది ఆ సాయంత్రం, చార్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ.

"నీకు రంగు లేదమ్మా. నువ్వు బదిలీ. ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు ఆడతావు."

"అందరూ వస్తే?"

"బల్ల మీద కూర్చోవాలి."

"రోజూ అందరూ వస్తే?"

నేను పెన్సిల్ చెక్కుకున్నాను. అది ఇంకేమీ అడగలేదు. దాని స్వభావమే అంత అనుకున్నాను. అనుకోవడమే, తెలిసి కాదు. సగం రోజులు రాత్రి షిఫ్టు గేటు దగ్గరే ఉండేవాణ్ణి కాబట్టి పిల్ల పుట్టినప్పటి నుంచి నేను దాన్ని నిద్రపోతుండగా చూసిందే ఎక్కువ.

మొదటి రెండు వారాలూ చార్టు గడియారంలా నడిచింది. హెడ్మాస్టారు కిటికీలోంచి చూసి మురిసిపోయేవారు. మూడో వారంలో ఒక వింత మొదలైంది. ఎర్రజట్టులో ఒకడికి కడుపునొప్పి వచ్చింది. నీలం జట్టులో ఇద్దరికి కాళ్ళు బెణికాయి. పసుపు జట్టు పిల్ల ఒకతి సరాసరి నా దగ్గరికి వచ్చి, "షిఫ్టు మాస్టారూ, నన్ను బదిలీలో వేయండి" అంది.

"ఎందుకమ్మా? నీ జట్టుకి ఇవాళ బంతి ఉందిగా?"

"బంతి మీరే ఉంచుకోండి మాస్టారూ" అంది, పెద్ద మనసుతో.

నాకు మతి పోయినంత పనయింది. సొంత మగ్గం ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడ్డ బదిలీలని పద్దెనిమిదేళ్ళు చూశాను. ఉన్న మగ్గం వదులుకుని బల్ల మీద కూర్చుంటానని ఏడ్చిన మనిషిని ఒక్కణ్ణి చూడలేదు. ఆ బల్ల దగ్గర ఏదో జరుగుతోంది. ఎవడో ఏదో తినడానికి పంచుతున్నాడేమో అనుకున్నాను. షిఫ్టు గుమాస్తాకి అంతకంటే పెద్ద ఆలోచన ఎక్కడ వస్తుంది?

ఆ రోజు సన్నగా చినుకులు పడుతున్నాయి. గొడుగు వేసుకుని గోడ పక్కగా బడి వెనక్కి వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. దాని ముందున్న పెరటి గచ్చు మీద, పంపు నుంచి పాత సామాన్ల గది దాకా, ఇరవై మంది పిల్లలు ఉన్నారు. అరుపుల్లేవు. ఇరవై మంది పిల్లలు ఉన్నచోట నాకు చినుకుల చప్పుడు వినిపించింది. 

గచ్చు నిండా సుద్దముక్కతో గీసిన సున్నాలు. ఒక్కో సున్నాలో ఒక్కొక్కరు నిలబడి, అరచెయ్యి దోసిలిగా పట్టి వానకి చాపి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి బొద్దబ్బాయి వస్తున్నాడు. రెండు వేళ్ళ మధ్య నీళ్ళ సీసా మూత, అందులో నిండా నీళ్ళు. తాడాటలో గున్న ఏనుగులా కనిపించినవాడు, ఒక్కో పాదం కింద నేల ఉందో లేదో అడిగి అడిగి మోపుతున్నట్టు నడుస్తున్నాడు.

"మాస్టారూ, జరగండి" అని కింద నుంచి ఒక గొంతు. తాతయ్య, చేతులు వెనక్కి కట్టుకుని. "మీరు నిలబడ్డది కొండ."

"ఏ కొండరా?"

"ఇదే. దీని మీద ఒంటికాలి మీద నిలబడాలి. రెండూ పెడితే కుంగిపోతుంది."

నేను ఒక కాలు ఎత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ చెప్పలేను. గొడుగు పట్టుకుని, మెడలో విజిల్‌తో, ఒంటికాలి మీద నిలబడి, ఆ వానలో నేను చూసింది ఇది.

నీళ్ళ మూత బల్ల దగ్గర బయలుదేరి పెరడంతా తిరిగి మళ్ళీ బల్ల దగ్గరికి రావాలి. ఎవరి చేతికి వస్తే వాళ్ళు తమ నడకతో మోస్తారు. ఒకడు వెనక్కి నడుస్తాడు, ఒకతి కళ్ళు మూసుకుంటుంది, పక్కన ఇంకొకతి సన్నగా రాగం తీస్తూ దారి చూపిస్తుంది. నీళ్ళు ఒలికాయా, ఒలికిన చోట సున్నా గీస్తారు. అది బావి. ఒలకబోసినవాళ్ళే ఆ బావికి కాపలా. ఆనాటి నుంచి మూత ఆ బావి దగ్గర ఆగి తీరాలి. కాపలా ఉన్నవాళ్ళు తమ దోసిట్లో పట్టిన వాననీళ్ళు దాంట్లో పోయాలి. పోసేముందు ఏదో ఒకటి అడుగుతారు. ఒకరు ఒక నవ్వు అడుగుతారు. ఒకరు ఎవరికీ చెప్పని మాట చెవిలో చెప్పమంటారు. పిట్ట బావి దగ్గర మాత్రం ఏమీ ఇవ్వక్కర్లేదట, కాసేపు ఊరికే దాని పక్కన నిలబడాలట.

"మరి ఔటయినవాళ్ళు ఎక్కడికి పోతారు?" అని తాతయ్యని అడిగాను.

"ఔటంటే?"

"ఓడిపోయినవాళ్ళురా."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. నా మీద జాలిపడ్డట్టు అనిపించింది. "ఒలకబోస్తే బావి వస్తుంది కదా మాస్టారూ" అన్నాడు. "ఎక్కడికి పోవడం ఎందుకు?"

మిల్లులో ఒక్క పోగు తెగితే మగ్గం టక్కున ఆగిపోతుంది. తెగినచోటు వెతికి ముడివేసేదాకా కదలదు. ఇక్కడ తెగిన ప్రతిచోటా బట్ట ఇంకాస్త వెడల్పవుతోంది. మూడు వారాల్లో ఈ పిల్లలు చేసిన పొరపాట్లన్నీ నా కళ్ళముందు ఊరులా పరుచుకుని ఉన్నాయి, దారులతో, మలుపులతో, కాపలా మనుషులతో. పదిహేడేళ్ళు కూడా నిండని వయసులో, గుమాస్తాని కావడానికి చాలా ముందు, మొదటిసారి మగ్గాల షెడ్డులో అడుగుపెట్టినప్పుడు నాకు ఇలాంటి బెదురే కలిగింది. ఇంత పెద్దది ఎవరు ఆలోచించారు, ఇదంతా ఒకదానికొకటి తగలకుండా ఎలా నడుస్తోంది అని నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ షెడ్డుని పెద్ద పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు కట్టారు. దీన్ని పాలపళ్ళు ఊడుతున్న ఎనిమిది మంది, నేను పనికిరారని పక్కన కూర్చోబెట్టినవాళ్ళు, కట్టారు.

అప్పుడు నాకొక గుమాస్తా అనుమానం వచ్చింది. "ఒరేయ్ తాతయ్యా, రాత్రి వానకి సుద్దగీతలన్నీ పోతాయిగా? మర్నాడు ఏ బావి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"మీ అమ్మాయి గీస్తుంది."

"ఎక్కడైనా రాసుకుందా?"

"రాసుకోవడం ఎందుకు? తనకి తెలుసు."

చూశాను. మా అమ్మాయి సామాన్ల గది మెట్టు మీద కూర్చుని ఉంది. మూత తన దగ్గర లేదు. కళ్ళద్దాల మీద చినుకులు. ఎవరో ఒక మూల తడబడితే అటు తిరక్కుండానే వేలు ఒకటి పైకెత్తింది. పెరడంతా ఆగింది. వేలు దించింది. మళ్ళీ కదిలింది. ఆ వేలి కణుపు మీద చిన్న గాటు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

సాయంత్రం ఇద్దరం ఇంటికి నడుస్తున్నప్పుడు, "ఎన్ని బావులమ్మా?" అన్నాను.

"ముప్ఫై నాలుగు. ఇవాళ్టివి రెండు కలిపి."

"అన్నీ గుర్తుంటాయా?"

"చోటు గుర్తుండదు నాన్నా. ఎవరు ఎందుకు ఒలకబోశారో గుర్తుంటుంది. అక్కడికి వెళ్ళి నిలబడితే చోటు తెలుస్తుంది." ఈ మాట చెప్పి, దారిలో ఒక గుంట దాటడానికి నా చెయ్యి పట్టుకుని, దాటాక వదిలేసింది.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇంటికి రాగానే ఈ సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుంటూ వింది.

"మీకిప్పుడు తెలిసిందా?" అంది. "నా వార్డులో ఇరవై మంచాలు. ఏ మంచం మనిషికి ఏం జబ్బో ఊరికే కబుర్లలో చెబుతుంటాను. వారం తర్వాత నేను మర్చిపోతే అదే అందిస్తుంది. అది మాట్లాడదని మీరే అందరికీ చెబుతుంటారు. మీరు ఇంట్లో మెలకువగా ఉన్న పూట ఎప్పుడుందని?"

నాకు గుచ్చుకోవాల్సింది. ఆ సంబరంలో గుచ్చుకోలేదు. నా బుర్రలో అప్పటికే గళ్ళు పడుతున్నాయి.

తప్పంతా ఆ గళ్ళదే. ఆఫీసరమ్మకి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. పిట్టనీ తాతయ్యనీ కూర్చోబెట్టి నియమాలన్నీ అడిగి రాసుకున్నాను, నలభై ఒకటి తేలాయి. వాటికి అంకెలు వేశాను. మా అమ్మాయి వెంట తిరిగి ముప్ఫై నాలుగు బావులకీ కొలతలు తీసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చినప్పుడు, ఒక డబ్బా తెల్ల నూనెరంగూ బ్రష్షూ పట్టుకుని బడికి వెళ్ళి, పళ్ళెం బోర్లించి, ముప్ఫై నాలుగు సున్నాలూ ఒకే కొలతకి గుండ్రంగా, ఎంత వానకీ చెరక్కుండా వేశాను. కొండ దగ్గర కొండ అని రాశాను. చార్టులో కొత్త గడి పెట్టాను: నాలుగూ పది నుంచి నాలుగూ యాభై వరకు, నీళ్ళ మూత ఆట, ఎర్రజట్టు, నీలంజట్టు. కాపలాలకి వంతులు వేశాను. బదిలీ బల్ల తీసేసి, ఆ ఎనిమిది మందినీ ఘనంగా జట్లలో కలిపేశాను. సోమవారం నుంచి మా అమ్మాయి మోకాళ్ళు మట్టి చేసుకుని గీయక్కర్లేదు కదా అని మనసులో పొంగిపోయాను.

సోమవారం పిల్లలు వచ్చి చూశారు. హెడ్మాస్టారు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి తెల్లటి సున్నాల చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది.

"బాగుంది నాన్నా" అంది.

విజిల్ కొట్టాను. మూత బయలుదేరింది. ఎవరి సున్నాలో వాళ్ళు నిలబడ్డారు. ఒక్క చుక్క ఒలకలేదు. పదకొండు నిమిషాల్లో మూత పెరడంతా తిరిగి వచ్చేసింది. నా చార్టులో దానికి నలభై నిమిషాలున్నాయి.

పిట్ట నా చొక్కా అంచు లాగింది. "అయిపోయింది మాస్టారూ. ఇప్పుడేం చెయ్యాలి?"

మంగళవారం పది నిమిషాలు పట్టింది. బుధవారం ఎర్రజట్టులో ఒకడు బంతి ఇమ్మని అడిగాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అమ్మాయిని చూసి, నన్ను చూసి, "ఏమైంది?" అంది. జరిగింది చెప్పాను. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది.

"రంగు వేసేముందు దాన్ని అడిగారా?"

"ఆశ్చర్యపోతుందని..."

"పోయింది లెండి" అంది. గిన్నె కింద పెట్టి, "తుడిచెయ్యండి" అంది.

కిరసనాయిలు, గోనెగుడ్డ పట్టుకుని రెండు రోజులు గచ్చు మీద పాకాను. నూనెరంగు అంత తేలిగ్గా వదిలే సరుకు కాదు. మోచేతులు కొట్టుకుపోయాయి. అమ్మాయి బడి వదిలాక వచ్చి కాసేపు నిలబడి చూసేది. సాయం చెయ్యలేదు, చెయ్యమనీ నేను అనలేదు. నలభై ఒక్క నియమాల కాగితం చింపేశాను. చార్టులో ఆ నలభై నిమిషాల గడిని నాలుగు జట్లకీ కలిపి, రాసింది చెరిపేశాను. దాంట్లో ఏమీ రాయలేదు.

హెడ్మాస్టారు ఆ గడి చూసి కుర్చీలో కూలబడ్డారు. "గుమాస్తా గారూ! తనిఖీకి మూడు వారాలు కూడా లేదు. ఖాళీ గడి పెట్టుకుని ఆవిడ ముందు ఎలా నిలబడతాం? పోనీ డ్రిల్లని రాయండి."

"డ్రిల్లు లేదుగా సార్."

"లేకపోతే పెడదాం! పెట్టడానికేగా మీరున్నది!"

ఆయన భయం నిజమైనదే. ఖాళీ నలభై నిమిషాల్లో మొదటి వారమంతా పిల్లలు కొట్టుకున్నారు. ఒకడు మోకాలు చెక్కుకున్నాడు, ఇద్దరు జుట్లు పట్టుకున్నారు, తాతయ్య ఎవరితోనో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఊరికే గోడకి ఆనుకుని నిలబడి నన్ను చూసేవాళ్ళు, విజిల్ కొడతానేమోనని. విజిల్ తీసి జేబులో వేసుకున్నాను. పెరట్లో ఎవరూ దెబ్బలు తగిలించుకోకుండా ఒక టీచరమ్మ అరుగు మీద కూర్చునేది, స్వెట్టరు అల్లుకుంటూ. నేను మాత్రం పెరటికి వీపు పెట్టి, వసారాలో గోడవైపు తిరిగి కూర్చుని, తెగిన తాళ్ళు ముడివేస్తూ ఉండేవాణ్ణి. నేను చూస్తే రాస్తాను. నా సంగతి నాకు తెలుసు.

తొమ్మిదో రోజు జోరున వాన. పిల్లలందరూ వసారాలోకే చేరారు, నా వీపు వెనక. గోల. రేకుల మీద వాన గోల ఒకపక్క, అరవై నాలుగు నోళ్ళ గోల ఒకపక్క. ఉన్నట్టుండి అరవై నాలుగు నోళ్ళూ ఒక్కసారి ఆగిపోయాయి.

మిల్లులో కరెంటు పోయినప్పుడు నాలుగు వందల మగ్గాలు అలా ఆగేవి. కానీ అది చచ్చిన చప్పుడు. ఇది అందరూ కలిసి ఊపిరి బిగబట్టిన చప్పుడు.  చేతిలో తాడు చేతిలోనే ఉంది. వెనక ఎక్కడో ఒక చిన్న కాలు నేల మీద మెల్లగా ఆనిన అలికిడి. ఒకటి, ఇంకొకటి. తర్వాత ఎవరో వేలితో బల్ల మీద రెండుసార్లు తట్టారు. దానికి జవాబుగా వసారా ఆ చివర నుంచి రెండు తట్లు. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ ఇంకోచోట మూడు తట్లు. ఆ తట్లు గోడల మీదుగా, కిటికీల మీదుగా, నా పక్కనున్న స్తంభం మీదుగా నన్ను చుట్టుకుని పోయాయి, నన్ను కూడా ఒక స్తంభంగా లెక్కవేసుకున్నట్టు. అంతలో పకపకా ఒక నవ్వు, వెంటనే అరవై నాలుగు నవ్వులు. పిట్ట నవ్వు కూడా అందులో ఉంది. పిట్ట నవ్వు అదే మొదటిసారి వినడం, అయినా గుర్తుపట్టాను.

తల తిప్పాలని ప్రాణం పీకింది. తిప్పలేదు. నా జన్మలో చేసిన బరువైన పని ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు అమ్మాయి నా పక్కనే నడిచింది. గుంట రాకముందే చెయ్యి పట్టుకుంది. నేనేమీ అడగలేదు. ఇల్లు చేరేదాకా అది మేడమీదావిడ పెంచుతున్న పిల్లి గురించి చెబుతూనే ఉంది. మా ఆవిడ తలుపు తీసి, మాటల మధ్యలో ఉన్న పిల్లనీ, వింటున్న నన్నూ చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఆఫీసరమ్మ చెప్పిన రోజుకే, చెప్పిన టైముకే వచ్చింది. పొట్టి మనిషి, భుజాన పెద్ద సంచి, చేతిలో పెన్ను. మట్టి బొమ్మలు చూసింది. తాడాట చూసింది. కథ చెబుతున్న టీచరమ్మ పక్కన కాసేపు కూర్చుంది. ఆ తర్వాత హెడ్మాస్టారు గదిలో చార్టు ముందు నిలబడి, పెన్ను మొనతో గడి గడీ దాటుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"నాలుగూ పది నుంచి నాలుగూ యాభై. ఇక్కడేమీ లేదే?"

"స్వేచ్ఛా క్రీడలు మేడమ్!" అన్నారు హెడ్మాస్టారు, ఆయనకి అప్పుడే పుట్టిన మాట.

"అయితే అదే రాయాలిగా?" అంటూ నా వైపు పెన్ను చాపింది.

పెన్ను అందుకోలేదు. నా వెనక గోడ గడియారం కొట్టుకుంటోంది. ఆ గది బయట అరవై నాలుగు మంది పిల్లల రెండు గంటలు ఆ పెన్ను మొన మీద ఉన్నాయి.

"రాయలేను మేడమ్" అన్నాను. "ఒకసారి రాశాను. ఆట ఆగిపోయింది. మళ్ళీ మొదలవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో వాళ్ళేం ఆడుతున్నారో నాకు తెలీదు. టీచరమ్మ ఒకరు కూర్చుంటారు, దెబ్బలు తగలకుండా. నేను చూడను."

"ప్లాను వేసేది మీరే కదా?"

"అవునండీ."

హెడ్మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆవిడ గడియారం చూసింది. నాలుగూ పన్నెండు. "నన్ను చూడనిస్తారా?" అంది.

పెరటి గుమ్మం దాకా తీసుకెళ్ళి, నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. పెరడు నాకు కనబడలేదు. నాకు కనబడింది ఆవిడ మొహం. మొదట కనుబొమలు ముడిపడ్డాయి, లెక్క తప్పినప్పుడు పడేటట్టు. తర్వాత విడిపోయాయి. భుజం మీది సంచి మోచేతి దాకా జారింది, మోచేతి నుంచి మణికట్టుకి జారింది, అక్కడి నుంచి నేల మీదికి దిగింది. ఆవిడ చూసుకోలేదు. పెదవులు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. చినుకు మొదలైంది. చూరు నుంచి కారే నీళ్ళు ఆవిడ చేతి మీద పడుతున్నా చెయ్యి తీయలేదు. మా చిన్నప్పుడు ఊళ్ళోకి మొదటిసారి కరెంటు వచ్చినప్పుడు మా నాయనమ్మ బల్బు వైపు అలాగే చూసింది. ఐదు గంటలకి ఆవిడ ఇంకో బడిలో ఉండాలని హెడ్మాస్టారు మెల్లగా గుర్తుచేశారు. వినబడలేదు.

నాలుగూ యాభైకి టీచరమ్మ చప్పట్లు కొట్టాక ఆవిడ లోపలికి వచ్చింది.  తడి చేత్తోనే కాగితాలు ముందుకి లాక్కుని, మొదటి పేజీలో, రెండో పేజీలో, చార్టు అంచున, మూడుచోట్ల సంతకం పెట్టింది. ఖాళీ గడి ఖాళీగానే ఉంది. హెడ్మాస్టారు ఆ కాగితాలు రెండు చేతులతో అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక, గుండెకి ఆనించుకుని నిలబడ్డారు.

మెట్ల దగ్గర మా అమ్మాయి సంచి సర్దుకుని నా కోసం చూస్తోంది. ఆఫీసరమ్మ దాని ముందు వంగి కూర్చుంది. పెన్నుకి ఇంకా మూత పెట్టలేదు.

"అమ్మా, ఆ ఆట పేరేంటి? ఎలా ఆడాలో నాకు చెబుతావా? మిగతా బళ్ళలో పిల్లలకి కూడా నేర్పిస్తాను."

అమ్మాయి ఆవిడ చేతిలోని పెన్ను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"చెప్పను" అంది. "చెబితే మీరు కూడా రాసేస్తారు."